మూడు వలల రివాల్వర్

ఆ రివాల్వర్ నాది. ఈ మాట ఆ ఒక్క వేసవిలో ఎన్నిసార్లు అన్నానో! పొయ్యి ముందు అన్నాను, పడవలో అన్నాను, మోకాలి లోతు బురదలో నిలబడి అన్నాను. అన్న ప్రతిసారీ మా ఆయన రోయ్స్ దగ్గర ఒకటే జవాబు. "ఎవరి ఒంటి మీద ఉంటే ఏముంది వెర్నా, ఇంట్లోనే కదా ఉంది." పదకొండేళ్ళయింది. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

కుక్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ పడమటి ఒడ్డున మాకు పక్కపక్కనే రెండు వలల చోట్లు ఉండేవి. ఒక పర్మిట్ ఆయన పేరు మీద, ఒకటి నా పేరు మీద. జూన్‌లో మేముండే హోమర్ ఊరి నుంచి పడవలో వెళ్ళి, సాల్మన్ చేపలు వచ్చినన్నాళ్ళూ ఆ ఒడ్డున చెక్క గదిలో ఉండి, ఆగస్టు చివర ఇంటికి తిరిగొచ్చేవాళ్ళం. వలలు దించేది సోమవారం, గురువారం మాత్రమే. వల ఒక కొస ఒడ్డున, ఇంకో కొస సముద్రంలో. ఆటుకి నీళ్ళు వెనక్కి పోయాక వల బురద మీద పడుకుంటుంది. అప్పుడు నడిచి వెళ్ళి, వల కళ్ళలోంచి ఒక్కో చేపనీ విడిపించాలి.

చేపలున్న చోటికి ఎలుగులు వస్తాయి. అది వాటి ఒడ్డు, మధ్యలో వచ్చింది మేము. మాకు రైఫిల్ ఉండేది. రైఫిల్‌కి రెండు చేతులు కావాలి. వలకీ రెండు చేతులు కావాలి. దేవుడు నాకిచ్చిందే రెండు. అందుకని రైఫిల్ ఎప్పుడూ ఒడ్డున ఏదో దుంగకి ఆనుకుని ఉండేది, నేను బురదలో ఉండేదాన్ని.

అంతకు రెండేళ్ళ ముందు ఒక పొద్దున నా చొక్కా గుండీ వలలో చిక్కుకుంది. నేను వంగి దాన్ని విడిపించుకుంటుంటే దుంగకీ నాకూ మధ్యలోకి ఒక ఎలుగు వచ్చి నిలబడింది. రైఫిల్ ఇరవై అడుగుల దూరంలో, ఎలుగు వీపు వెనక. పరిగెడితే వెంట పడుతుంది, ఊరుకుంటే దగ్గరికొస్తుంది. నోటికేమీ రాక, చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న పాట ఒకటి ఎత్తుకున్నాను. ఎలుగు రెండు చేపలు తిని, కాసేపు నన్ను చూసి, దాని దారిన అది పోయింది.

రోయ్స్‌కి ఆ కథ ఒక పండగైపోయింది. హోమర్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా అదే చెప్పేవాడు. "మా ఆవిడ పాట విని ఎలుగే చెవులు మూసుకుని పారిపోయింది!" అందరూ నవ్వేవాళ్ళు. మొదట్లో నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. ఆ తర్వాత నవ్వడం మానేశాను, అది ఆయన గమనించలేదు. నాకో రివాల్వర్ కావాలి, పెద్దది, నలభై నాలుగు కాలిబర్‌ది, రొమ్ము మీద కట్టుకుంటే చేతులు రెండూ పనిలో ఉన్నా అది నాతోనే ఉంటుంది అని అడిగినప్పుడల్లా, "నీకెందుకే అంత బరువు? మణికట్టు విరుగుతుంది. పాట పాడు," అనేవాడు.

అలాంటిది మా ఒడ్డు మొత్తం మీద ఒక్కటే ఉంది. మాకు రెండు మైళ్ళ దక్షిణాన వల వేసే హాల్వర్ అనే ముసలాయనది. డెబ్భై ఆరేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. మాట తక్కువ మనిషి. ఆ రివాల్వర్ మీద ఎందరికి కన్ను! రోయ్స్ ఒకసారి పడవ మోటారు ఇస్తానన్నాడు. మాతోనే వల పని చేసే మా మరిది గార్త్ మంచు మీద నడిచే మోటారు బండి ఇస్తానన్నాడు. హాల్వర్ ఇద్దరికీ కాఫీ పోసి పంపించేశాడు. మా ఒడ్డున బేరానికో మర్యాద ఉంది. ఒకరి తుపాకీని నోరు తెరిచి అడగకూడదు. వాళ్ళకి పనికొచ్చేదేదో నీ దగ్గర ఉంటే ఆ సంగతి చెప్పి ఊరుకోవాలి. అడగవలసింది తుపాకీ ఉన్నవాడు.

మార్చిలో ఒక రోజు రొట్టె చేసి హోమర్‌లోనే ఉన్న హాల్వర్ షెడ్డుకి పట్టుకెళ్ళాను. ముసలాయన కొత్త వల కట్టుకుంటున్నాడు. పైన బెండ్ల తాడు, కింద సీసపు గుళ్ళ తాడు, రెంటికీ మధ్య వలని జానెడుకో ముడి చొప్పున కట్టుకుంటూ పోవాలి. ఒక్కో వల రెండొందల అడుగుల పైమాట. ఆయన వేళ్ళు కీళ్ళ జబ్బుతో వంకర తిరిగి ఉన్నాయి. చెక్క సూది జారి పడిపోతోంది, వంగి తీసుకుంటున్నాడు, మళ్ళీ పడిపోతోంది. చూడలేక దాన్ని నేనే అందుకుని ఆరు ముళ్ళు వేసి చూపించాను.

ఆయన ఆ ముళ్ళని లాగి చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

"ఇలాంటివి మూడు వలలు కట్టాలి అమ్మాయ్," అన్నాడు. "పోయినేడాదే అనుకున్నా, ఇక నా వల్ల కాదని."

"నాకు చలికాలం ఖాళీయే," అన్నాను. అది పచ్చి అబద్ధం. మా ఇంటి వలలు కూడా కట్టేది నేనే.

"ఊరికే కట్టించుకోను."

"నేను ఊరికే కడతానన్లేదు."

ఆయన రొట్టె ముక్క విరిచి చాలాసేపు నమిలాడు. గోడకి వేలాడుతున్న దాని వైపు చూశాడు. నేను మాత్రం అటు చూడలేదు, మర్యాద కాదు. చివరికి ఆయనే అడిగాడు. "నీ కళ్ళు దేని మీద ఉన్నాయో నాకు తెలుసనుకుంటా. బురదలో పాట పాడింది నువ్వే కదూ?"

"నేనే."

"నవ్వాల్సిన సంగతి కాదది," అన్నాడు. ఆ ఎలుగు సంగతిలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయన. మూడు వలలకి ఒక రివాల్వర్. చేతులు కలిపాం. కాగితాలు లేవు, సాక్షులు లేరు. మా దగ్గర చెయ్యి కలిపితే అయిపోయినట్టే.

మార్చి నుంచి జూన్ దాకా కట్టాను. మా వలలు పగలు, హాల్వర్ వలలు సాయంత్రం. వేలి కణుపుల దగ్గర చర్మం చీలి, ఉతికిన గుడ్డ తగిలినా మండేది. రోయ్స్ మూల కూర్చుని, "ముసలాడికి వెట్టిచాకిరీ చేస్తున్నావా? మన పని ఎవరు చేస్తారు?" అనేవాడు. మన పని! అప్పటికి మన వలలు రెండూ కట్టి మడతపెట్టి మూల పడేసి ఉన్నాయి. ఆయన కూర్చున్నది వాటి మీదే.

జూన్ మూడో సోమవారం, ఆటు మధ్యలో, నేను వల దగ్గర ఉండగా హాల్వర్ తన పడవలో వచ్చాడు. ముందు గురువారమే ఆయన మూడో వల దించి చూసుకున్నాడట. ఒడ్డున దిగి, గుడ్డ విప్పి, రివాల్వర్‌లో తూటాలు పెట్టే చక్రం పక్కకి తెరిచి ఆకాశం వైపు ఎత్తి పట్టాడు. ఆరు గదుల్లోంచీ వెలుతురు కనిపించింది. ఖాళీ అని చూపించకుండా తుపాకీ చేతికివ్వడం మా దగ్గర బూతు మాటతో సమానం.

"నీది," అన్నాడు. రోయ్స్ పక్కనే ఉన్నాడు, గార్త్ ఉన్నాడు. వాళ్ళ వైపు చూడకుండా నాతో అన్నాడు. దాని తోలు సంచీ, రొమ్ము మీదుగా వచ్చే పట్టీ ఆయనే స్వయంగా కుట్టాడు, ఆ వంకర వేళ్ళతో. పట్టీకి ఒకే ఒక్క బెజ్జం. "వల కడుతున్నప్పుడు నీ కొలత కంటితో చూసుకున్నా. సరిగ్గా పడుతుంది." ఇంకో రేకు డబ్బా ఇచ్చాడు. ఇరవై నాలుగు తూటాలు, బరువైనవి, మందు ఆయనే కొలిచి నింపినవి. "ఇవి ఎలుగు కోసం అమ్మాయ్. ఖాళీ డబ్బాలు కొట్టడానికి కాదు."

ఇక్కడే నేను చేసిన తప్పు. నా చేతుల నిండా చేపల జిగురు, ఉప్పు. అలాంటి చేతులతో కొత్తగా నూనె పెట్టిన ఇనుముని ముట్టుకుంటే సాయంత్రానికి తుప్పు పడుతుంది. మా ఒడ్డున పుట్టి పెరిగిన ఎవరైనా అదే ఆలోచిస్తారు. "రోయ్స్, ఒక్క నిమిషం పట్టుకో, చేతులు కడుక్కొస్తా," అన్నాను. ఆ ఒక్క నిమిషం ఆరు వారాలు సాగింది.

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి పట్టీ ఆయన ఒంటి మీద ఉంది. కొలత చాలక, మేకుతో ఇంకో బెజ్జం పొడిచేశాడు. హాల్వర్ అప్పటికే పడవెక్కి పోతున్నాడు.

"ఏమోయ్ గార్త్, ఎలా ఉన్నాను?"

"అన్నయ్యా, సినిమాలో షెరీఫ్‌లా ఉన్నావ్!"

"ఇలా ఇయ్యి," అన్నాను.

"ఇస్తాలేవే. నీకు పనిలో అడ్డమవుతుంది కదా. నేను ఒడ్డునే ఉంటా, ఏదైనా వస్తే నేను చూసుకుంటా."

"అది నాది రోయ్స్. మూడు వలలు కట్టాను దానికి."

"కాదన్నానా? ఎవరి ఒంటి మీద ఉంటే ఏముంది, ఇంట్లోనే కదా ఉంది."

సొమ్మొకడిది, సోకొకడిది అంటారు. ఆ వేసవంతా నేను ఆ సామెతతో కాపురం చేశాను. చేపలు కొనే ఓడ వచ్చి లంగరేస్తే రోయ్స్ దాన్ని కట్టుకునే వెళ్ళేవాడు. ఓడ మీద వాళ్ళు, "అబ్బ, ముసలాడి దగ్గర భలే కొట్టేశావే! ఏమిచ్చావ్?" అనడం నేను పక్కనుండి విన్నాను. రోయ్స్ నవ్వి, "బేరం తెలిసుండాలి," అన్నాడు. నేను చేపల తొట్టె ఎత్తి ఓడ మీదకి అందిస్తున్నాను అప్పుడు. ఆ తొట్టె ఆయన నెత్తిన ఎందుకు వెయ్యలేదో ఇప్పటికీ నాకు తెలీదు.

ఆ సాయంత్రం గదిలో గట్టిగానే అడిగాను.

"వాళ్ళకి నిజం ఎందుకు చెప్పలేదు?"

"ఏం నిజం?"

"ఎవరు బేరం చేశారో."

"ఓరి దేవుడా! నా పెళ్ళాం కట్టిన వలలకి ముసలాడు తుపాకీ ఇచ్చాడని చెప్పనా? పడీ పడీ నవ్వుతారు."

"నా పాట కథ చెప్పి నవ్వించావు కదా. ఇది కూడా చెప్పు, నవ్వనీ."

ఆయన బూట్లు విప్పుకుంటూ, "నీకు ఈ మధ్య ముక్కు మీద కోపం ఎక్కువైంది," అన్నాడు. గార్త్ మంచం మీంచి, "వదినా, కాఫీ ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. ఉంది.

తీసుకోలేకపోయావా, నిద్రపోతున్నప్పుడు తీసేసుకుని దాచుకోలేకపోయావా అని తర్వాత మా అక్క అడిగింది. నా వస్తువుని నేను దొంగతనం చేసుకోవాలా? అంత కిందకి దిగడం నాకిష్టం లేకపోయింది. ఇవ్వాలి ఆయన. తనంతట తను పట్టీ విప్పి, చక్రం తెరిచి చూపించి, నా చేతిలో పెట్టాలి. అది జరిగే దాకా అడుగుతూనే ఉంటాననుకున్నాను. మొండితనమంటే మొండితనమే.

జూలై రెండో ఆదివారం పక్క చోట్ల నుంచి నలుగురు మగవాళ్ళు వచ్చారు. బీరు డబ్బాలు ఖాళీ అయినకొద్దీ దుంగ మీద వరసగా పెట్టి కొట్టడం మొదలుపెట్టారు. హాల్వర్ తూటా పేలిన ప్రతిసారీ గదిలో అరమీద గిన్నెలు గలగలలాడాయి. ఆ చప్పుడు ఛాతీలో తగులుతుంది. నేను రొట్టె పిండి పిసుకుతూ లెక్కపెట్టాను. ఏడు, ఎనిమిది. పిండి చేతులతోనే బయటికెళ్ళాను.

"అవి ఎలుగు కోసం ఇచ్చాడు. ఆపు."

"ఇంకా బోలెడున్నాయి. నువ్వూ ఒకటి కొడతావా? రండ్రా, మణికట్టు పట్టుకోండి!"

నలుగురూ నవ్వారు. నా ముఖం వేడెక్కిపోయింది. లోపలికి వెళ్ళి పిండిని బల్లకేసి కొట్టాను, ఆ రొట్టె రాయిలా వచ్చింది, అదే వాళ్ళకి పెట్టాను.

జూలై చివరి గురువారం. ఆ వారం చేపలు విపరీతంగా వచ్చాయి, నడుం ఎత్తడానికి లేదు. పొద్దున్నే వల మీదుగా పెద్ద అడుగుల జాడ చూశాను, నా బూటు కంటే పొడవు. అర మైలు అవతల, ఒడ్డు సముద్రంలోకి చొచ్చుకుపోయిన మొన దగ్గర ఓడ లంగరేసి ఉంది. రోయ్స్, గార్త్ చేపలు ఇచ్చి రావడానికి పడవలో బయల్దేరుతున్నారు.

"జాడ చూశావా?" అన్నాను.

"చూశా. పాతది."

"పాతది కాదు. అంచులు ఇంకా కూలలేదు. రివాల్వర్ ఇచ్చి వెళ్ళు. ఇవాళ ఇవ్వకుండా పడవ కదలదు." పడవ తాడు నా చేతిలో ఉంది.

రోయ్స్ గార్త్ వైపు చూసి కళ్ళెగరేసి, పట్టీ విప్పాడు. "ఇంద, నీ బొమ్మ. ఇవాళ్టికి అందరికీ శాంతి." నా మీదకి విసిరాడు. చక్రం తెరిచి చూపించలేదు. నేనే తెరిచి చూశాను. ఆరు గదుల్లోనూ ఆరు తూటాల ఇత్తడి అడుగు భాగాలు కనిపించాయి. వాటి మీద అది ఏ రకం తూటానో చెప్పే చిన్న అక్షరాలు అచ్చేసి ఉంటాయి. అవి చదవలేదు. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మొగుడు చేతికిచ్చిన తుపాకీలో అక్షరాలు చదవాలని ఎవరికి తడుతుంది?

హాల్వర్ చేసిన బెజ్జంలోకి బిగించుకున్నాను. సరిగ్గా సరిపోయింది. నిజం చెప్పాలంటే ఆ గంటసేపు నా ప్రాణానికి హాయిగా ఉంది. రెండు చేతులూ వలలో, తల కిందికి, వెనక్కి తిరిగి చూడాలన్న ఆలోచనే లేదు. ఈ హాయి కోసమే కదా అడిగాను ఇన్నాళ్ళూ అనుకున్నాను.

తొట్టెలో చేప కదిలిన చప్పుడైంది. చచ్చిన చేప కదలదు. తలెత్తాను. ఎలుగు తొట్టెకి అవతల నిలబడి నన్ను చూస్తోంది. మగది, మెడ మీద బొచ్చు లేచి ఉంది. నేను నిలబడి, చేతులు చాచి, నా గొంతు ఎంత ఉందో అంత అరిచాను. అది తల వంచి తొట్టె చుట్టూ తిరిగి నా వైపు వచ్చింది. పరుగు కాదు, నడక. ఆ నడకే ఎక్కువ భయం.

రివాల్వర్ తీశాను. దాని ముందు బురదలోకి గురిపెట్టి నొక్కాను.

టప్ మంది. అంతే. ఎవరో చెక్క పలక కింద పడేసినట్టు. బురద ఇంత చిమ్మింది. ఎలుగు ఆగి ఆ మరక వైపు చూసింది.

ఆ చప్పుడులోనే నాకంతా తెలిసిపోయింది. హాల్వర్ తూటాలు కావివి. అదే చక్రంలో పట్టే చిన్నరకం ఉంటాయి, సగం మందువి, డబ్బాలు కొట్టుకోవడానికి చవగ్గా దొరికేవి. ఇంకా ఐదున్నాయి. ఆ ఐదూ దాని భుజంలో దింపినా దానికి కోపం తెప్పించడానికే పనికొస్తాయి. ఆ క్షణంలో నాకు భయం పోయింది. ఎక్కడికి పోయిందో తెలీదు. ఒళ్ళంతా మంట ఒక్కటే మిగిలింది.

"సిగ్గు లేదురా నీకు?" అన్నాను. ఎలుగునే అన్నాను, ఎదురుగా ఉన్నది అదే. "మార్చి నుంచి ముడి ముడికీ వేళ్ళు చీల్చుకున్నది నేను! నువ్వొచ్చి ఉత్తినే ఎత్తుకుపోతావా? ఒంటికి తగిలించుకుని ఊరేగుతావా? బేరం తెలిసుండాలా నీకు? నా పాట మీద నవ్వుతావా? పో! పో ఇక్కణ్ణుంచి! ఇది నా చోటు, నా పర్మిట్, నా వల! నీ మొహానికి ఒక్క ముడి వెయ్యడం వచ్చురా?"

ఇరవై రెండేళ్ళవి, అన్నీ అన్నాను. ఇక్కడ రాయలేనివి కూడా అన్నాను. ఎలుగు పాపం ఏం అర్థం చేసుకుందో, కాసేపు అలాగే నిలబడింది. చెవులు వెనక్కి పెట్టింది. తర్వాత తొట్టె దగ్గరికి వెనక్కి వెళ్ళి, దాన్ని బోర్లా తోసి, ఒక పెద్ద ఎర్ర సాల్మన్‌ని నోట కరుచుకుని, తుప్పల్లోకి పోయింది. నేను బురదలో కూలబడ్డాను. గొంతు పూర్తిగా పోయింది. మొన వైపు చూశాను. అర మైలు. అక్కణ్ణుంచి ఎవరూ రావడం లేదు.

సాయంత్రం ఏడింటికి, ఇంకా ఎండ ఉండగానే, వలలెత్తి భోజనానికి కూర్చున్నారు అన్నదమ్ములిద్దరూ. గార్త్ పళ్ళెంలో చేప, బంగాళాదుంప పెట్టాను. రోయ్స్ పళ్ళెంలో ఐదు తూటాలు, ఒక ఖాళీ తొడుగు పెట్టాను.

"ఇదేంటి?"

"ఎలుగు వచ్చింది," అన్నాను. బొంగురుగా గాలి తప్ప గొంతు రావడం లేదు. "కాల్చాను. నీకు వినపడలేదా?"

రోయ్స్ ఒక తూటా ఎత్తి అడుగు చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. అది నేను చూశాను, కాదనను. గార్త్ తినడం ఆపేశాడు.

"మార్చాలనుకున్నా," అన్నాడు రోయ్స్. "ముసలాడివి అయిపోయాయి. నీకు చెప్పడం మర్చిపోయా."

"ఇరవై నాలుగూ?"

"అదే, ఆ ఆదివారం, తర్వాత ఇంకో రెండు సార్లు... చూడు, నీకేం కాలేదు కదా? పోయింది కదా?"

"పోయింది."

"మరింకేం. ప్రాణం మీదకి రాలేదు, సంతోషించు." ఆయన ఊపిరి వదిలాడు. ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి, తమ్ముడి వైపు చూసి, పెదవి చివర నవ్వాడు. "ఇంతకీ ఈసారి ఏం పాట పాడావ్?"

గార్త్ నవ్వలేదు. నేను పొయ్యి మీద కెటిల్ కాగుతుంటే దించి పక్కన పెట్టాను. పడక సంచీ చుట్టాను. నా వల సూదులు, నా పర్మిట్ ఉన్న ప్లాస్టిక్ కవరు, రెండు జతల మేజోళ్ళు. పట్టీ ఒంటి మీదే ఉంది. ఎక్కడికని ఇద్దరిలో ఎవరూ అడగలేదు, బయటికి గాలి కోసం వెళుతున్నాననుకున్నారేమో. ఆటు సమయం, ఒడ్డు వెంట గట్టి ఇసక బయటపడి ఉంది. దక్షిణానికి రెండు మైళ్ళు నడిచాను.

హాల్వర్ తలుపు తీసి నా భుజం మీది సంచీ చూశాడు. కాఫీ పోశాడు. నేను చక్రం తెరిచి, ఖాళీ చూపించి, రివాల్వర్ బల్ల మీద పెట్టాను.

"నా డబ్బాలో ఎన్ని మిగిలాయి?" అన్నాడు.

"ఒక్కటి కూడా లేదు."

"ఎలుగా?"

"బీరు డబ్బాలు."

ముసలాయన దవడ బిగిసింది. ఒక్క తిట్టు తిట్టాడు, నార్వే భాషలో, వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నది. తర్వాత నా పట్టీని వేలితో తడిమి, మేకుతో పొడిచిన రెండో బెజ్జం దగ్గర ఆగాడు. "ఇది నేను చెయ్యలేదు," అన్నాడు. "నేను బేరం చేసింది నీతో అమ్మాయ్, వాడితో కాదు."

తూటాలు నింపే సామాను కిందికి దించాడు. వేళ్ళు సాగవు కదా, ఆయన చెప్తుంటే నేను చేశాను. మందు ఇంత, గుండు ఇలా, మీట నొక్కు, తియ్యి. పన్నెండు నింపాం. ఆ పనిలోనే ఆయన కిటికీ బయట తడి వలల వైపు చూసి, "ఆ మూడూ నువ్వు కట్టినవే. నా నడుం ఇక వంగదు. సోమవారం నుంచి నీ పర్మిట్ మీద నువ్వే దించు. గట్టున నేను కాఫీ కాస్తా," అన్నాడు.

"మీకేం వాటా కావాలి?"

"చెయ్యి కడుక్కుని రా, ముందు అన్నం తిను. అది తర్వాత చూద్దాం."

సోమవారం దించాను. రోయ్స్ ఆ రోజు పడవలో మా ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాడు, ఆగలేదు. తర్వాత జనం మా కాపురం ఎలుగు వల్ల చెడిందని చెప్పుకున్నారు. ఎలుగు పాపం ఏం చేసింది? ఒక చేప తీసుకుంది.

ఆగస్టు మూడో వారంలో, చేపలు పలచబడ్డాక, రోయ్స్ నడిచి వచ్చాడు. గార్త్ వెనకే, కాస్త దూరంగా. రోయ్స్ గడ్డం పెరిగిపోయింది. సీల్ జంతువులు ఆయన వలని నాలుగుచోట్ల చింపాయని అప్పటికే విన్నాను, ముడి వేసేవాళ్ళు లేక తాడుతో మూట కట్టినట్టు కట్టారట. దాని గురించి వచ్చాడేమో అనుకున్నాను. కాదు.

"పిల్లల తల్లి ఎలుగు ఒకటి తిరుగుతోంది," అన్నాడు. "మొన్న గది కిటికీ పీకేసింది. పిండి డబ్బా పట్టుకుపోయింది. గార్త్ వల దగ్గరికి పోనంటున్నాడు."

"రైఫిల్ ఉందిగా?"

"ఉంది. చేతులు ఖాళీగా ఉండవు కదా వల దగ్గర." ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది. చెప్పాక ఆయనకీ వినపడినట్టుంది, కిందికి చూశాడు. "ఒక్క వారం ఇయ్యి వెర్నా. సీజన్ అయ్యే దాకా. ఎవరి ఒంటి మీద ఉంటే..." అని ఆగిపోయాడు.

గట్టు మీద హాల్వర్ కాఫీ కప్పు పట్టుకుని ఇటే చూస్తున్నాడు. బేరం నాది.

నేను రోయ్స్ ముఖంలోకి చూశాను. నవ్వు రాలేదు నాకు. రావాలని రెండేళ్ళు ఎదురు చూశాను, అయినా రాలేదు.

"పాట పాడు," అన్నాను.

పట్టీ ఒక్కసారి సరిచూసుకుని, వంగి, రెండు చేతులూ వలలో పెట్టాను.